అంబాసిడర్ అద్దం రబ్బరు

పాత కార్లలో అద్దానికీ రేకుకూ మధ్య నీటిని ఆపే పని ప్రధానంగా రబ్బరు బీడింగ్‌దే. పచ్చి రబ్బరు ఇందుకు కొరగాదు; ఎండకు జిగటగా మారుతుంది, చలికి బిగుసుకుపోతుంది. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకం కలిపి వేడిచేసి దాన్ని నిలకడగా ఉండేలా చేశాడు. 1844లో పేటెంటు పొందాడు.

బెంగాల్‌లోని ఉత్తరపారాలో 2014 వరకు తయారైన అంబాసిడర్‌కు మూలం బ్రిటన్ కారు మోరిస్ ఆక్స్‌ఫర్డ్. దాని ముందు అద్దం బిగింపు ఆ కాలపు పద్ధతే: రబ్బరుకు ఒక గాడిలో అద్దం, మరో గాడిలో రేకు అంచు. రేకు వైపు గాడిలో సన్నని తాడు చుట్టి, అద్దాన్ని బయటి నుంచి ఆనించి, లోపలి నుంచి తాడు లాగుతూ పోతే రబ్బరు అంచు రేకు మీదికి ఎక్కుతుంది. ఇద్దరు మనుషులు, బోలెడు ఓపిక కావాలి.

ఎండ, గాలిలోని ఓజోన్ కలిసి సహజ రబ్బరును పగలగొడతాయి. అది కుంచించుకుపోయి మూలల్లో సందు పడుతుంది. వాననీరు డాష్‌బోర్డు వెనకగా దిగి కాళ్ల దగ్గరి రేకును తినేస్తుంది; తడి కనిపించిన చోటే కారుతోందనుకుంటే పొరపాటే. పైన సిలికాన్ పూయడం చౌక వైద్యం, నీటిని లోపలే బంధించే ప్రమాదమూ ఉంది. 1960లలో ఇ.పి.డి.ఎం. అనే కృత్రిమ రబ్బరు వచ్చాక మన్నిక పెరిగింది. తర్వాత అద్దాన్ని పాలీయురేథేన్ జిగురుతో నేరుగా బాడీకి అతికించడం రివాజైంది. పాత బండికి మాత్రం కొత్త రబ్బరు వేసేముందు అంచు తుప్పు గోకి రంగు వేయాల్సిందే.