సీసం కరిగిన పొయ్యిలు

సి.బెళగల్ దగ్గర తుంగభద్ర గట్టున నిలబడితే అవతల గద్వాల సీమ. నది వెంట ఎగువకు పోతే మంత్రాలయం, ఆపైన వాయవ్యంగా రాయచూరు. వెనక్కి తిరిగితే ఎమ్మిగనూరు, ఆదోని. తూర్పున కర్నూలు. రాయచూరు కోట, ఆదోని కోట, కర్నూలు కోట: ఈ మూడింటి నడుమ ఉన్న నల్లరేగడి ఊళ్లివి. ఈ ప్రాంత చరిత్ర ఎవరు రాసినా ముట్టడులు, సంధులు, నవాబుల వారసత్వాలు చెబుతారు. అరచేతిలో ఇమిడే ఒక పనిముట్టును పట్టుకుని ఈ ఐదు వందల ఏళ్లనూ వెనక్కి తిరిగి చూడాలని నా కోరిక. అది సీసపు గుండు పోసే అచ్చు.

దొరలు ఆయుధాలు లాక్కున్నందువల్ల రాయలసీమ పల్లెలు చల్లబడ్డాయని సాధారణంగా అంటారు. నాకు ఆ మాట సగమే నిజమనిపిస్తుంది. ఒక తుపాకి పోతే మరొకటి వచ్చేది. గుండు ఇంట్లో పోసుకునే కాలం పోయాకే పల్లె చేయి నిజంగా పడిపోయింది.

తుపాకి తయారుకావాలంటే ఇనుప రేకును చుట్టి గొట్టంగా అతికే కమ్మరి కావాలి. మందుకు పాటి మట్టి నానబెట్టి సురేకారం తీసేవాళ్లు, గంధకం తెచ్చి అమ్మే వర్తకుడు, బొగ్గు కాల్చేవాడు కావాలి. గుండుకు ఇంత తతంగం లేదు. ఇనుము కరగడానికి 1538 డిగ్రీల వేడి కావాలి, రాగికి 1085. సీసం 327 డిగ్రీల దగ్గరే నీరవుతుంది. కంది కట్టె మంట, ఒక ఇనుప గరిటె చాలు. తుపాకి యుగంలో ఇంటి పొయ్యి మీద జరిగే పని ఇదొక్కటే.

పాత తుపాకుల్లో ఏ రెండు గొట్టాలూ సరిగ్గా ఒకే కొలతలో ఉండేవి కావు. అందుకే తుపాకి కొన్నవాడు దాని అచ్చు కూడా తీసుకునేవాడు. పొరుగువాడి గుండు మన గొట్టంలో దిగదు, దిగినా వదులుగా ఉండి గురి తప్పుతుంది. ఆ కాలపు లెక్క ఇప్పటి లైసెన్సు కాగితాల్లో కూడా బతికే ఉంది. 12 బోరు అంటే ఒక పౌను సీసంతో సమానంగా 12 గుండ్లు పోస్తే అందులో ఒక గుండు పట్టే గొట్టం. గుండు బరువు 38 గ్రాములకు కాస్త తక్కువ, అడ్డుకొలత 18.5 మిల్లీమీటర్లు. 16 బోరు దానికన్నా సన్నం. అంకె పెరిగితే గొట్టం తగ్గడమేమిటని బుర్ర గోక్కునేవాళ్లకు జవాబు సీసం తక్కెడలో ఉంది.

కొత్త అచ్చు చేతికొచ్చిన రోజు పనితనమంతా ఓపికలోనే. గుంత పొంగనాల పెనంలో మొదటి వాయి చెడినట్టు, చల్లని అచ్చులో పోసిన మొదటి గుండ్లు ముడతలు పడి వస్తాయి. వాటిని మళ్లీ గరిటెలో పడేస్తారు. అచ్చు వేడెక్కేకొద్దీ గుండు నునుపు తేలుతుంది, వేడి మితిమీరితే మెరుపు పోయి మంచు పట్టినట్టు తెల్లబారుతుంది. రెండు చెక్కలు కలిసే చోట సన్నని అతుకు గీత పడుతుంది, పోసిన రంధ్రం దగ్గర తోక మిగులుతుంది. తోక కోసి, తక్కెడలో వేసి చూస్తారు. ఒక గుండు తేలికగా తూగిందంటే లోపల గాలి బుడగ చేరిందన్నమాట. ఇన్ని శతాబ్దాల్లో ఈ పనిలో మార్పు చాలా తక్కువ. చేసేవాళ్లే మారారు.

సీసం ఎక్కడిది? కొంత ఓడల్లో వచ్చింది. ఇంగ్లీషువాళ్లూ డచ్చివాళ్లూ మచిలీపట్నంలో దింపిన సరుకుల్లో సీసం ముఖ్యమైనది. కొంత మన కొండల్లోదే. కడప వైపు నల్లమల అంచున జంగంరాజుపల్లెలో పాత సీసపు తవ్వకాలుండేవి. కడప, కర్నూలు శిలల మీద 1872లో వెలువడిన విలియం కింగ్ గ్రంథంలో వాటి ప్రస్తావన ఉంది. అదే నల్లమల వరుసకు తూర్పున, అప్పటి గుంటూరు జిల్లా అగ్నిగుండాల దగ్గరి బండలమోటులో హిందుస్థాన్ జింక్ సంస్థ ఇటీవలి దశాబ్దాల్లో కూడా సీసం తవ్వింది.

ఈ సీమకు చేతి తుపాకి సత్తా తెలిసింది 1520 మే నెలలో, రాయచూరు దగ్గర. ఇస్మాయిల్ ఆదిల్‌షా ఫిరంగుల్ని నమ్ముకుని కృష్ణా నది దాటాడు. అవి ఒకసారి పేలి మళ్లీ దట్టించుకునే లోపు కృష్ణదేవరాయల సేన మీద పడింది. 400 పెద్ద ఫిరంగులు రాయల చేతికి చిక్కాయని పోర్చుగీసు నూనిజ్ రాశాడు. నాకు అంతకన్నా ఆసక్తికరమైనది ఆ తర్వాతి కోట ముట్టడి. క్రిస్టోవావ్ డి ఫిగరేదు అనే పోర్చుగీసువాడు 20 మంది తుపాకివాళ్లతో వచ్చి, గోడల మీద తల ఎత్తినవాళ్లను ఒక్కొక్కరిగా కొట్టాడు. గోడ మీది కాపు సడలింది, కింద రాళ్లు పెకలించేవాళ్ల పని సాగింది. లక్షల సేనలు కదిలిన యుద్ధంలో చిన్న సీసపు గుండ్లకు దక్కిన వాటా అది.

తర్వాత రెండు శతాబ్దాలు త్వరగా దాటవచ్చు. 1565లో విజయనగరం కూలింది, 1568లో ఆదోని బీజాపురం వశమైంది. సిద్దీ మసూద్ ఖాన్ అక్కడ పాతికేళ్లు ఏలి, జామియా మసీదు కట్టించి, 1688లో ఔరంగజేబు సేనకు లొంగాడు. నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ ఆదోని జాగీరులో లాలీ అనే ఫ్రెంచివాడి పటాలాన్ని పోషించాడు. 1786లో టిప్పు ఆదోనిని ముట్టడించి పట్టుకుని, కోట గోడలు పడగొట్టించి, ఫిరంగుల్ని గుత్తికి తరలించాడు. గమనించండి, అతను మోయించుకుపోయింది ఫిరంగుల్ని. పల్లెల్లోని అచ్చుల జోలికి ఎవరూ పోలేదు. అదే కాలంలో హైదరాబాదులో ఫ్రెంచి సేనాని రేమండ్ పెట్టిన ఫిరంగుల కార్ఖానా ఉన్న చోటు ఇప్పటికీ గన్‌ఫౌండ్రీ పేరుతో ఉంది. ఊరి జనం దాన్ని తోప్ కా సాంచా, అంటే ఫిరంగి అచ్చు, అన్నారు. రాజ్యం అచ్చు అది. దాని పక్కన పల్లె అచ్చు ఎవరి కంటా పడలేదు.

1800 అక్టోబరులో నిజాం ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు. ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రోకు ఎదురైన లెక్క: 80 మంది పాలెగాళ్లు, వాళ్ల కింద 30,000 మంది ఆయుధపాణులు. వీళ్లలో ఎక్కువమంది మాన్యం దున్నుకుంటూ, పిలుపు వస్తే తుపాకి భుజాన వేసుకునే కట్టుబడివాళ్లు, బోయలు. జీతం లేదు, ఆయుధశాల లేదు. మందు, గుండు ఎవరివి వాళ్లే సిద్ధం చేసుకోవాల్సిందే. దేవనకొండ పక్కనున్న తెర్నేకల్‌లో 1801 డిసెంబరులో జరిగింది ఈ లెక్క అర్థమయ్యేలా చెబుతుంది. ఒక మట్టికోట మీదికి కంపెనీ పటాలం వచ్చి, మొదటి దాడిలో దెబ్బతిని వెనక్కి తగ్గింది. చివరికి జనరల్ డుగాల్డ్ కాంప్‌బెల్ స్వయంగా వచ్చాకే కోట పడింది. గ్రామ పెద్దను ఉరి తీశారు. ఊరు రాజధాని కాదు, సామంత సంస్థానం కూడా కాదు. అయినా శిక్షణ పొందిన సైన్యాన్ని నిలువరించగలిగింది.

మన్రో తుపాకుల వేట కన్నా తెలివైన పని చేశాడు. పాలెగాళ్లకు పింఛన్లు ఇచ్చి, కట్టుబడివాళ్లను సాగులోకి మళ్లించాడు. పిలిచేవాడు లేకపోతే తుపాకి చూరులోనే ఉంటుంది. అయినా అచ్చు మాత్రం ఇంట్లోనే మిగిలింది.

ఇక అప్పటికీ సామంతుడిగా మిగిలిన కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ కథ. ఇంట్లో ఆయుధం పోతపోయడం అన్న మాటకు ఈ జిల్లాలో ఇంతకు మించిన ఉదాహరణ లేదు. 1839లో హైదరాబాదులో నిజాం సోదరుడు ముబారిజ్ ఉద్దౌలా వహాబీ కుట్ర బయటపడ్డాక కంపెనీ కన్ను కర్నూలు మీద పడింది. నవాబు కోటను పోరాటం లేకుండా అప్పగించాడు. పైపైన చూస్తే అనుమానించడానికి ఏమీ కనిపించలేదు. వెతికేకొద్దీ రాణివాసం ఆవరణలోనే పోత కొలుములు, గోడల చాటున వందలాది ఫిరంగులు, గుట్టలుగా మందూ గుండ్లూ బయటపడ్డాయి. కర్నూలు సంస్థానం ఆదాయానికీ ఆ ఆయుధాల గుట్టకూ పొంతనే లేదు. అక్టోబరు 18న నగరం పక్కన జొహరాపురంలో నవాబు కిరాయి పఠాన్లకూ అరబ్బులకూ కంపెనీ కల్నల్ డైస్ దళానికీ పోరు జరిగింది, నవాబు పట్టుబడ్డాడు. 1840లో తిరుచిరాపల్లిలో హత్యకు గురయ్యాడు. ఇది మహా కుట్రా, లేక పోత పిచ్చి పట్టిన ఒక ప్రభువు వ్యసనమా అని చరిత్రకారులు వాదించుకుంటూనే ఉన్నారు. అన్ని ఫిరంగులు పోయించుకున్నవాడు ఒక్కటీ పేల్చకుండా కోట తాళాలు ఇవ్వడం చూస్తే, నేను రెండో వైపే మొగ్గుతాను. ఏది నిజమైనా, కర్నూలు కంపెనీ పాలన కిందికి పోయింది.

ఏడేళ్లకు కోయిలకుంట్ల వైపు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి లేచాడు. 1847 ఫిబ్రవరి 22న ఉరికంబం ఎక్కాడు. ఇంటి గుండుతో ఈ జిల్లా చేసిన చివరి పెద్ద పోరాటం అదే.

ఆ తర్వాత రెండేళ్లకు ఫ్రాన్సులో మినియే అనే సైనికాధికారి గుండ్రని సీసాన్ని కొనదేలిన తూటాగా మార్చాడు. అడుగున గుంట ఉన్న ఆ తూటా పేలగానే విచ్చుకుని గొట్టం లోపలి మరలను పట్టుకుంటుంది, దూరం పోతుంది. అలాంటి తూటాకు కొవ్వు పూసి కాగితంలో చుట్టిన ఎన్‌ఫీల్డ్ తోటాయే 1857లో సిపాయిల నోటి దగ్గరికి వచ్చింది. దశాబ్దం తిరక్కుండా ఇత్తడి తొడుగు వచ్చింది. తొడుగు, మందు, నిప్పు పుట్టించే మూత, తూటా అన్నీ ఒక్కటయ్యాయి. 1869లో పూనా దగ్గర కిర్కీలో ప్రభుత్వ మందుగుండు కర్మాగారం మొదలైంది. పల్లె పొయ్యి పోయగలిగేది అందులో ఒక భాగాన్నే, మిగిలినవి ఫ్యాక్టరీ నుంచి రావాలి. అసలు నిరాయుధీకరణ ఇదని నా వాదన.

చట్టం వెనకే వచ్చింది. వైస్రాయి లిట్టన్ కాలపు 1878 ఆయుధ చట్టంలో జనం ఎక్కువగా గుర్తుపెట్టుకున్నది లైసెన్సు. నేను మాత్రం దానిలోని నిర్వచనాల దగ్గర ఆగుతాను. ప్రభుత్వం తలచుకుంటే సీసం, గంధకం, సురేకారం కూడా సైనిక సరుకుల కిందికి చేర్చవచ్చని అందులో రాసుకున్నారు. ముడి సరుకు దగ్గరే చేయి పెట్టారన్నమాట. అదే 1878లో అమెరికా కనెటికట్‌లో లైమన్ కంపెనీ పుట్టింది. 1884లో జాన్ బార్లో స్థాపించిన ఐడియల్ కంపెనీ ఇళ్లలో తూటాలు పోసుకునేవాళ్లకు అచ్చులు అమ్మింది, 1925లో దాన్ని లైమన్ కొనేసింది. ఒక దేశంలో అచ్చు నేరం వైపు నడిస్తే మరో దేశంలో కేటలాగులోకి ఎక్కింది. అక్కడ ఇవాళ కూడా గ్యారేజీల్లో పాత కారు చక్రాల సీసపు తూకాలు కరిగించి, అల్యూమినియం అచ్చులో పోసి, చెడిన మొదటి తూటాల్ని మళ్లీ పాత్రలో వేసేవాళ్లు వేలల్లో ఉన్నారు. సొంత వాడుకకైతే అక్కడి సమాఖ్య చట్టం లైసెన్సు అడగదు.

ఇంటి గుండు కాలం పోయాక ఇక్కడ వచ్చిన తేడా చూడాలంటే మన్యానికి పోవాలి. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరుసగా పడింది. 26 తుపాకులతో పాటు 2,500 తూటాలు పట్టుకుపోయింది. తెర్నేకల్‌వాళ్లు గుండు పోసుకున్నారు, రంప వీరులు దోచుకోవాల్సి వచ్చింది. దోచుకున్నది అయిపోతే పోరాటం కూడా సన్నగిల్లుతుంది. 1946 తర్వాత తెలంగాణలో సాయుధ రైతులు భర్మార్లు పట్టుకున్నారంటే కారణం అదే. మూతి నుంచి దట్టించే తుపాకికి ఫ్యాక్టరీ తోటా అక్కర్లేదు.

స్వతంత్ర భారతం పాత చట్టాన్ని తీసేసి 1959లో కొత్తది చేసింది, 1962 అక్టోబరు నుంచి అమలైంది. అందులో ఆయుధం పట్ల ఉదారత కాస్త పెరిగిందేమో కానీ అచ్చు పట్ల కాదు. మందుగుండు అనే మాట కిందికి దాని భాగాలతో పాటు దాన్ని తయారుచేసే యంత్రసామగ్రి కూడా వస్తుంది. లైసెన్సు లేని తయారీని 5వ సెక్షన్ నిషేధిస్తుంది. ఒకప్పుడు కట్టుబడి ఇంట్లో గూట్లో పడి ఉన్న పనిముట్టు ఇవాళ కేసు డైరీకెక్కే వస్తువు. సీమ ముఠా తగాదాలు తుపాకి కన్నా నాటు బాంబు మీద నడిచాయంటే, అందులో ఈ చట్టం వాటా కూడా ఉందనుకుంటాను. బాంబుకు గొట్టం అక్కర్లేదు, అచ్చు అక్కర్లేదు.

పంట కాపలాకని తుపాకి లైసెన్సు అడిగే హక్కు రైతుకు ఇప్పటికీ ఉంది. అయితే పడమటి కర్నూలు చేలల్లో మందలుగా దిగి పత్తి, కంది, వేరుశనగ మొలకలు కొరికేసేవి కృష్ణజింకలు. 1972 వన్యప్రాణి చట్టం వాటిని మొదటి షెడ్యూలులో పెట్టింది, పైగా కృష్ణజింక రాష్ట్ర జంతువు. తుపాకి ఉన్నా గురి పెట్టకూడదు. టపాసులు కాల్చి, డబ్బాలు మోగించి తరమాల్సిందే. ఎన్నికల షెడ్యూలు వెలువడిందంటే ఆ కాసిని లైసెన్సు తుపాకులూ పోలీసు స్టేషనుకు చేరతాయి. రసీదు తీసుకుని ఇంటికి వెళ్లిన రైతు, ఓట్ల లెక్కింపు అయ్యాక ఆ రసీదు చూపించి తెచ్చుకుంటాడు.