చివరి ఆయకట్టుకు అందని బొమ్మ

టీవీ టవర్ అంటే కొన్ని దేశాల్లో షికారుకు పోయే చోటు. జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో 1956లో 217 మీటర్ల కాంక్రీటు టవర్ లేచింది. ఉత్త ఇనుప స్తంభం పాతడం కన్నా, పైన హోటలూ ఊరంతా కనిపించే వరండా పెడితే మేలని దాని ఇంజనీరు ఫ్రిట్జ్ లియోన్‌హార్ట్ పట్టుబట్టాడు. జనం కొన్న టికెట్లతోనే ఐదేళ్లలో కట్టిన ఖర్చు తిరిగొచ్చింది. మన దేశంలో దూరదర్శన్ నిలబెట్టినవాటిలో రామేశ్వరం టవర్ 323 మీటర్లు. నంద్యాల రిలే కేంద్రానిది ఆ వరస కాదు. సన్నటి ఇనుప స్తంభం, కింద ఒక డిష్షు, చుట్టూ ప్రహరీ. లోపలికి పోయి కూర్చునే చోటు కాదది. అయినా ఈ కుందూ లోయలో మూడు తరాల సాయంత్రాలు ఎట్లా మారాయో చెప్పాలంటే అక్కణ్నుంచే మొదలుపెట్టాలి.

తూర్పున నల్లమల, పడమట ఎర్రమల, నడుమ కుందూ నది. హైదరాబాద్‌లో దూరదర్శన్ ప్రసారాలు 1977లో మొదలైనా ఆ తరంగాలు మాదాకా వచ్చే దారి లేదు. టీవీ తరంగం దాదాపు చూపు పోయినంత మేరే పోతుంది, కొండ అడ్డం వస్తే ఆగిపోతుంది. ఆ అడ్డం దాటించే ఉపాయం అంతకుముందే ఆకాశంలో దొరికింది. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు అమెరికా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు నేరుగా టీవీ చూపించారు. అందులో ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. కోళ్లగూళ్లకు కొట్టే ఇనుప జాలీతో పదడుగుల గిన్నె యాంటెన్నా చేసి పెడితే, ఊరి జనమంతా ఒకే పెట్టె ముందు చేరి సేద్యం కబుర్లు, ఆరోగ్యం కబుర్లు తెలుగులో విన్నారు. ఏడాది గడిచాక ఉపగ్రహం వెనక్కిపోయింది. పట్టణాలకన్నా పల్లెలకు ముందు టీవీ చూపించాలన్న ఆలోచన కూడా దానితోనే పోయిందని నా అనుమానం.

1983 ఆగస్టులో ఇన్సాట్-1బి ఎగిరింది. మరుసటి ఏడాది రోజుకొక ట్రాన్స్‌మిటర్ అంటూ దేశమంతా చిన్న రిలే కేంద్రాలు పెట్టారు. వీటి శక్తి 100 వాట్లు. డిష్షు ఢిల్లీ బొమ్మను ఆకాశం నుంచి అందుకుంటుంది, స్తంభం దాన్ని చుట్టుపక్కల చల్లుతుంది. బాగా అందేది పదిహేను, ఇరవై కిలోమీటర్ల లోపలే.

చిక్కంతా అక్కడే. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ సుమారు నలభై కిలోమీటర్లు. కె.సి. కెనాల్ నీళ్ల సంగతి తెలిసినవాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేదు: పైన ఉన్నవాళ్లకు నిండుగా, చివరి ఆయకట్టుకు వస్తే వచ్చినట్టు. నంద్యాలలో మిద్దె మీద చిన్న యాంటెన్నా చాలు. ఆళ్లగడ్డ వైపు రెండు, మూడు పైపులు అతికించి, బూస్టర్ బిగించి, గాలికి తిరక్కుండా తీగలతో లాగి కట్టాలి. ఒకరు మిద్దె మీద, ఒకరు వాకిట్లో, ఒకరు టీవీ ముందు. "వచ్చె, వచ్చె... పాయె!" అన్న కేకలు ఆదివారం పొద్దున ఏ వీధిలోనైనా వినిపించేవి. అహోబిలం వైపు కొండ నీడలో పడిన ఊళ్లకు ఆ కేకలు కూడా దండగే.

1987 జనవరిలో రామాయణం మొదలైంది, 1988 అక్టోబరులో మహాభారతం. భాష హిందీ, చూసేవాళ్లలో సగానికి పైగా ఒక్క ముక్క రాదు. కథ మాత్రం తోలుబొమ్మలాటల్లో, హరికథల్లో వాళ్లు ఎప్పుడో చూసిందీ విన్నదీ. కాబట్టి ఇబ్బంది లేకపోయింది. ఇబ్బందల్లా కరెంటుతోనే. తెలుగు కోసం ఎదురుచూసేది శుక్రవారం సినిమా పాటల చిత్రలహరికి. టీవీ ఉన్న ఇంటి వరండానే ఆ వీధికి పార్కు. చెప్పులు గడప బయట, పిల్లలు ముందు, పెద్దలు వెనక. ఇంటామె గొణిగినా చాప పరిచేది.

1991లో వ్యవహారం తిరగబడింది. ప్రధాని అయిన పి.వి. నరసింహారావు నంద్యాల ఉప ఎన్నికలో నిలబడి 5.8 లక్షలకు పైగా ఆధిక్యంతో గెలిచారు. అంతవరకూ టీవీలో బయటి లోకం చూసిన ఊరు తానే టీవీలో కనిపించింది. ఆ ఏడే స్టార్ టీవీ ఉపగ్రహం మీదుగా దేశంలోకి దిగింది. 1995లో జెమిని, ఈటీవీ వచ్చేసరికి నల్లని కేబుల్ వైరు కరెంటు స్తంభాల మీదుగా ఆళ్లగడ్డ వీధుల్లోకీ పాకింది. దూరం లెక్క అంతటితో సరి. నంద్యాలలో ఏ బొమ్మో ఆళ్లగడ్డలోనూ అదే బొమ్మ, అదే తేట. మిద్దెల మీది పైపులు కొన్ని పందిళ్లకు, కొన్ని బట్టలారేసే దండేలకు పనికొచ్చాయి.

వ్యూహాత్మకమైన 50 చోట్ల తప్ప దేశంలో దూరదర్శన్ పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను 2022 మార్చి 31 నాటికి ఆపేయాలని ప్రసార భారతి గడువు పెట్టుకుంది. సరిగ్గా నాలుగు రోజులకు, ఏప్రిల్ 4న, నంద్యాల జిల్లా పుట్టింది. ఇలాంటి పాత కేంద్రాల స్థలాలను ఆఫీసులకు పంచేయకుండా ప్రహరీ తీసేసి, స్తంభం ఉంచి, నాలుగు వేపచెట్లు, బెంచీలు వేస్తే బాగుంటుందని నా కోరిక. ఆళ్లగడ్డలో ఉండే మా బావతో ఈ మాట అంటే ఆయన ఒప్పుకోలేదు. "అప్పట్ల సిగ్నలంతా మీరే తింటిరి గదప్పా, పార్కన్నా మా ఊర్లో పెట్టండి" అన్నాడు.