స్వలింగాకర్షణ, కథోలిక విశ్వాసం

ఇది సొంత లింగం వారిపై మక్కువ గల కథోలికులు విశ్వాసాన్ని వదలకుండా బతకడానికి వెతికే దారులకు సంబంధించిన అంశం. 1992 నాటి కథోలిక సభ సత్యోపదేశ గ్రంథం (2357–2359 పేరాలు) ఆ ఆకర్షణనే పాపంగా లెక్కించదు. లైంగిక చర్యను తప్పంటుంది, బ్రహ్మచర్యం కోరుతుంది, అన్యాయమైన వివక్ష కూడదంటుంది. చిక్కంతా ఈ మూడింటినీ కలిపి మోయడంలోనే ఉంది. అమెరికాలో 1969లో మొదలైన డిగ్నిటీ అనే సంఘం ప్రేమబంధాన్నీ గుర్తించమంటే, 1980లో వచ్చిన కరేజ్ అనే సంఘం బ్రహ్మచర్యాన్నే బాట అంది.

2013లో భారత సుప్రీంకోర్టు స్వలింగ లైంగిక చర్యను నేరమనే 377వ సెక్షన్‌ను నిలబెట్టినప్పుడు, స్వలింగాకర్షణ గలవారిని కథోలిక సభ ఎన్నడూ నేరస్థులుగా చూడలేదని ముంబయి కార్డినల్ ఓస్వాల్డ్ గ్రేషియస్ అన్నారు. స్వలింగ పెళ్లికి మాత్రం ఒప్పుకోలేదు. పరస్పర సమ్మతితో కలిసే వయోజనులపై ఆ నేరముద్ర 2018 సెప్టెంబరు 6న తొలగింది.

ఇక పల్లెల సంగతికొస్తే, తనకల్లు వంటి కరువు మండలాలున్న పూర్వపు అనంతపురం జిల్లా కర్నూలు మేత్రాసనం (డయోసిస్) పరిధిలోది. అందరూ ఒకరినొకరు ఎరిగిన ఊరి విచారణలో (పారిష్‌లో) తన ఆకర్షణ గురించి చెప్పుకోవడానికి పాపసంకీర్తనం ఒక చోటు. అక్కడ విన్నది గురువు బయటపెట్టరాదు.

2023 డిసెంబరు 18న వాటికన్ స్వలింగ జంటలకూ ఆశీర్వాదం ఇవ్వవచ్చంది. అది పూజావిధి కాదు. పది పదిహేను సెకన్ల ప్రార్థన అని తర్వాత వివరించింది. వివాహ బోధన మారలేదు.