పొగగొట్టం పైకెందుకు?

ట్రాక్టరుకి సైలెన్సరు పైకెందుకుంటుంది, లారీకి పక్కకెందుకుంటుంది? చిన్నప్పుడు మనలో ఎవరమూ అడిగిన ప్రశ్న కాదిది. ట్రాక్టరంటే అలాగే ఉంటుంది, అంతే! కాపెల్‌లో కాపురం పెట్టిన ఇన్నాళ్ళకి ఆ ప్రశ్న నాకు ఎదురైంది. నా ప్రాజెక్టులోనే పనిచేసే అమెరికన్ కుర్రాడొకడు తన డీజిల్ పికప్పుకి, క్యాబిన్ వెనకాల నిటారుగా రెండు క్రోమ్ గొట్టాలు పెట్టించుకున్నాడు. వీటిని ఇక్కడ స్టాక్స్ అంటారు. లంచ్ టైములో పార్కింగ్ లాట్‌కి తీసుకెళ్ళి మరీ చూపించాడు. "ఎందుకివి?" అంటే "బాగుంటాయి కదా" అన్నాడు. నిజాయితీ అయిన జవాబే. కానీ గొట్టం పైకి తిరగడం వెనక దాదాపు రెండొందల యేళ్ళ కథ ఉంది. అందులో అందం సంగతి చివర్లో గానీ రాదు.

మొదట రైలింజనుతో మొదలుపెట్టాలి. బొగ్గు బాగా మండాలంటే గాలి కావాలి. సిలిండర్లలో పని అయిపోయిన ఆవిరిని పొగగొట్టంలోకి సన్నటి నాజిల్ గుండా పైకి చిమ్మితే, అది పోతూ పోతూ పొయ్యిలోంచి పొగని కూడా లాక్కుపోతుంది, దాంతో పొయ్యిలోకి కొత్త గాలి వస్తుంది. 1829లో స్టీఫెన్సన్ల "రాకెట్" ఇంజను పందెం గెలిచిందంటే ఈ కిటుకుకీ అందులో వాటా ఉంది. అంటే రైలింజనుకి పొగగొట్టం అలంకారం కాదు, దాని ఊపిరితిత్తి అన్నమాట. మా కాపెల్ కథ కూడా అలాంటి ఇంజన్లతోనే ముడిపడింది. గిబ్స్ అని పిలిచే ఈ ఊరికి, రైల్వేలు వచ్చాక, జార్జ్ కాపెల్ అనే ఫైనాన్షియర్ పేరు పెట్టారు.

తరవాత డీజిల్ వచ్చింది. రుడాల్ఫ్ డీజిల్ ఇంజను 1897కి సరిగ్గా పనిచేసి చూపించింది. దీనికి పొగగొట్టం లాగి పెట్టక్కర్లేదు. పిస్టనే పొగని బయటికి నెట్టేస్తుంది. అంచేత గొట్టం ఎటు తిప్పినా ఇంజనుకి పెద్ద తేడా లేదు. పైకా, కిందికా, పక్కకా అన్నది ఇక ఇంజను గొడవ కాదు, చుట్టూ ఉన్నవాళ్ళ గొడవ. అసలు కథంతా ఈ ఒక్క ముక్కలోనే ఉంది.

ట్రాక్టరునే తీసుకోండి. 1960లలో మద్రాసులో టాఫే వాళ్ళు మాసీ ఫెర్గూసన్ ట్రాక్టర్లు, బొంబాయిలో మహీంద్రా వాళ్ళు ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తో కలిసి ట్రాక్టర్లు చెయ్యడం మొదలుపెట్టాక, మన పల్లెల్లోకి బానెట్టు మీద గొట్టంతో అవి దిగాయి. దమ్ము చేసేటప్పుడు చక్రాలు సగం బురదలో ఉంటాయి, గొట్టం కిందుంటే బురద మింగుతుంది. కోతలయ్యాక చేలో ఎండుగడ్డి, కళ్ళంలో గడ్డివాము. కిందకి ఒక్క నిప్పురవ్వ పడిందా, ఏడాది పశువుల మేత గోవిందా! వెనక నాగలి దగ్గరో తొట్టిలోనో మనుషులుంటారు. అందుకని పొగని అందరి తలల మీదుగా పంపారు. వాన నీళ్ళు లోపలికి పోకుండా కొన్నిటికి చిన్న మూత ఉంటుంది, ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు టకటకమని కొట్టుకుంటూ. మూత ఊడిపోయిన వాటికి రాత్రిపూట ఖాళీ డబ్బా బోర్లించేవాళ్ళు. గుర్తొచ్చిందా?

మరి లారీ? దానికీ లెక్కుంది. మన దేశంలో 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల రూల్సులో 112వ రూలు, బండి పొగ కిందికి గానీ ఎడమవైపుకి గానీ వదలకూడదంటుంది. కిందికి వదిలితే దుమ్ము లేస్తుంది. ఎడమవైపు ఎవరుంటారు? మనం ఎడమ పక్కన నడిపే వాళ్ళం కదా, అటువైపు సైకిలు మీద పోయేవాడు, బస్సు కోసం నిలబడ్డ ముసలమ్మ, స్కూలు పిల్లలు ఉంటారు. పొడిపొడిగా రాసిన రూలే గానీ, ఆ ముసలమ్మని తలుచుకునే రాసినట్టుంటుంది నాకు.

ఇక అమెరికా పెద్ద ట్రక్కులు. కెన్‌వర్త్ కంపెనీ 1933లోనే డీజిల్ ఇంజన్లు పెట్టి అమ్మడం మొదలుపెట్టింది. క్యాబిన్ కింద ఇంధనం ట్యాంకులు, బ్రేకుల గాలి ట్యాంకులు కిక్కిరిసి ఉంటాయి, వేడి గొట్టానికి పైన చోటు దొరికినంత సులువుగా కింద దొరకదు. పక్క లేనులో కారు అద్దాల ఎత్తున కాకుండా పైన వదిలితే పొగ పలచబడి పోతుంది. ఇక్కడా పక్కవాడి లెక్కే. కానీ 1970లలో "డ్యూయల్", "కాన్వాయ్" లాంటి సినిమాలు ఆ గొట్టాలకి వేరే పేరు తెచ్చాయి. మగతనం, హైవే, స్వేచ్ఛ, ఇత్యాదులు.

పికప్పులకి ఈ జబ్బు... సరే, సరదా అందాం, ఎలా అంటుకుందో చూద్దాం. 1989 మోడల్ డాడ్జ్ రామ్ పికప్పులో కమిన్స్ వాళ్ళ 5.9 లీటర్ల ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజను పెట్టారు. ఆ ఇంజను కమిన్స్ కంపెనీ, ట్రాక్టర్లు చేసే కేస్ కంపెనీ కలిసి తయారుచేసుకున్నది. అంటే పుట్టుకతో అది పొలం ఇంజను. ఇంకో తమాషా ఏంటంటే, 1993లో పెట్టిన టాటా కమిన్స్ వాళ్ళు జంషెడ్‌పూర్‌లో ఈ కుటుంబం ఇంజన్లే చేసి టాటా లారీలకి ఇచ్చారు. విజయవాడ హైవే మీద ఇటుకలు మోసిన లారీ, డాలస్‌లో షోకు చేసే పికప్పూ ఇంజను వరసకి అన్నదమ్ములే!

మా కుర్రాడు బిగింపు ఎలా చేశారో వివరంగా చెప్పాడు. సామాను వేసుకునే బెడ్డులో, క్యాబిన్‌కి ఆనుకుని రెండు పెద్ద కన్నాలు కోస్తారు. కింద టెయిల్‌పైపు కోసేసి, అక్కడ రెండుగా చీలే గొట్టం వెల్డింగ్ చేసి, కన్నాల్లోంచి నిలువు గొట్టాలు పైకి తెచ్చి బ్రాకెట్లతో బిగిస్తారు. ఇంజను అదురుకి విరగకుండా మధ్యలో రబ్బరు. చెయ్యి కాలకుండా చుట్టూ కన్నాల రేకు. వాన నీళ్ళు దిగిపోవడానికి అడుగున చిన్న రంధ్రం. దీనివల్ల పవరేమైనా పెరుగుతుందా అంటే, అదనపు వంపులు తప్ప ఒరిగేదేం లేదు. బెడ్డులో చోటు పోతుంది. ఇంతవరకూ ఎవడి బండి వాడిష్టం. నాకేం అభ్యంతరం లేదు.

అసలు ప్రశ్న, మధ్యలో ఉన్న ఫిల్టరు ఉంచారా, తీసేశారా?

2006లో ఇక్కడ డీజిల్‌లో గంధకాన్ని పది లక్షల్లో 15 పాళ్ళకి తగ్గించారు. 2007 మోడళ్ళ నించీ మసిని పట్టే ఫిల్టర్లు వచ్చాయి. మంచి ఫిల్టరున్న బండి గొట్టంలో వేలు పెట్టి తుడిస్తే వేలికి మసి దాదాపు అంటదు. అలాంటి బండికి స్టాక్స్ పెడితే చూడ్డానికి ఏమీ ఉండదు, పొగే రాదు కదా! అందుకని కొంతమంది ఫిల్టరు పీకేసి, కంప్యూటరు ట్యూనింగ్ మార్చి, గాలికి మించి డీజిల్ పోయించి, కావాలని నల్లటి పొగ చిమ్ముతారు. "రోలింగ్ కోల్" అని దానికో పేరు. సైకిలు తొక్కేవాళ్ళ మీద, ఎలక్ట్రిక్ కార్ల మీద వదలడం ఒక వినోదం. 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కేన్సర్ విభాగం డీజిల్ పొగని కేన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. న్యూజెర్సీ 2015లో ఈ వినోదాన్ని నిషేధించింది, కొలరాడో 2017లో. ఫెడరల్ క్లీన్ ఎయిర్ చట్టంలో ఆ పరికరాలు పీకడమే నేరం.

చట్టం ఉంటే సరిపోతుందా? 2020లో ఇపిఎ వేసిన అంచనా ప్రకారం, అంతకుముందు పదేళ్ళలో 5,50,000కి పైగా డీజిల్ పికప్పుల్లో ఈ పరికరాలు తీసేశారు. వాటి జీవితకాలంలో వచ్చే అదనపు నైట్రోజన్ ఆక్సైడ్లు 5,70,000 టన్నులు. రోడ్డు మీదకి ఇంకో 90 లక్షల పికప్పులు కొత్తగా తెచ్చి వదిలినట్టు! పీకేవాళ్ళ సంగతి అలా ఉంటే, ఇంజను చేసిన కమిన్స్ కంపెనీయే రామ్ పికప్పుల్లో పరీక్షల్ని ఏమార్చే ఏర్పాటు చేసిందన్న ఆరోపణ మీద, తప్పు ఒప్పుకోకుండానే, 167.5 కోట్ల డాలర్ల జరిమానాకి 2023 డిసెంబరులో ఒప్పుకుంది.

టెక్సాస్‌లో ఇంకో చమత్కారం. డాలస్ కౌంటీలో నా పెట్రోలు కారుకి ఏటా పొగ పరీక్ష చేయించాలి. డీజిల్ బళ్ళకి ఆ పరీక్ష లేదు. మామూలు బళ్ళకి సేఫ్టీ తనిఖీ కూడా 2025 జనవరి నించీ ఎత్తేశారు. ఓజోన్ ప్రమాణం అందుకోలేక యేళ్ళ తరబడి జాబితాలో ఉన్న ప్రాంతం మాది. నైట్రోజన్ ఆక్సైడ్లకి మా జూలై ఎండ తోడైతే తయారయ్యేది ఆ ఓజోనే.

ఇదంతా ఎవరికి తగుల్తుందో తెలుసా? కాపెల్‌లో సాయంత్రం ఫుట్‌పాత్ మీద నడిచేవాళ్ళని చూడండి. సగం మంది ఆర్నెల్లకని ఇండియా నించీ వచ్చిన మన అమ్మానాన్నలే. డ్రైవింగ్ రాదు, ఇంట్లో పొద్దుపోదు, నడుస్తారు. మన 112వ రూలు తలుచుకున్న ఆ ముసలమ్మే ఇక్కడికొచ్చి శాండీ లేక్ రోడ్డు పక్కన చీర మీద స్వెట్టర్ వేసుకుని నడుస్తోంది. ఆమె మీదుగా పోవడానికి పుట్టిన గొట్టమే ఇప్పుడు ఆమె మీదకి తిరిగింది.

మా ఫ్రెండు వాళ్ళ నాన్నగారు తెనాలి దగ్గర ముప్ఫయ్యేళ్ళు వ్యవసాయం చేసి వచ్చినాయన. ఓ సాయంత్రం ఇలాగే ఒక పికప్పు ఆయన పక్కనించి నల్లగా పొగ కక్కుకుంటూ పోయిందట. ఇంటికొచ్చి దగ్గుతూనే కొడుకుతో అన్నాట్ట: "పాపం ఎవరో కుర్రాడురా, నాజిళ్ళు పోయినట్టున్నాయి. డీజిలంతా తగలేస్తున్నాడు. తెలిసినవాడైతే కాస్త మెకానిక్‌కి చూపించుకోమని చెప్పు."