ఇంటర్‌ఫెరాన్ ఆల్ఫా-2బి (రీకాంబినెంట్)

మానవ జన్యువును బాక్టీరియాలో లేదా ఈస్ట్‌లో చొప్పించి తయారుచేసే సైటోకైన్ ప్రోటీన్ రీకాంబినెంట్ ఇంటర్‌ఫెరాన్ ఆల్ఫా-2బి. దీన్ని చికిత్సలోనూ రోగనిరోధక శాస్త్ర పరిశోధనలోనూ వాడతారు. ఇంటర్‌ఫెరాన్‌ను 1957లో లండన్‌లో ఐజాక్స్, లిండెన్‌మన్ గుర్తించారు. మానవ ఆల్ఫా ఇంటర్‌ఫెరాన్ జన్యువును 1980లో జ్యూరిక్‌లో ఛార్లెస్ వైస్‌మన్ బృందం ఇ. కోలైలో పనిచేయించింది. అమెరికాలో 1986లో ఔషధంగా అనుమతి లభించింది. వరప్రసాద్ రెడ్డి 1993లో హైదరాబాద్‌లో స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 2002లో దీన్ని శాన్‌ఫెరాన్ పేరుతో, పికియా ఈస్ట్‌లో ఉత్పత్తి చేసి విడుదల చేసింది.

ఇందులో 165 అమైనో ఆమ్లాలు, 2 డైసల్ఫైడ్ బంధాలు ఉంటాయి. అణుభారం సుమారు 19,300 డాల్టన్లు. ఆల్ఫా-2ఎకూ దీనికీ తేడా ఒక్కటే: 23వ స్థానంలో అక్కడ లైసిన్, ఇక్కడ ఆర్జినిన్. కణం ఉపరితలంపై ఉన్న గ్రాహకానికి అంటుకోగానే జాక్1, టైక్2 ఎంజైములు చైతన్యమై, స్టాట్1, స్టాట్2 ప్రోటీన్ల ద్వారా వైరస్ నిరోధక జన్యువులను మేల్కొలుపుతాయి.

ప్రయోగశాలలో దీని శక్తిని బరువుతో కాక అంతర్జాతీయ యూనిట్లలో కొలుస్తారు. 96 గుంటల ప్లేట్‌లో పెంచిన కణాలకు ముందుగా ఇంటర్‌ఫెరాన్‌ను పలుచబరుస్తూ వేసి, తర్వాత వైరస్‌ను కలుపుతారు. చివర క్రిస్టల్ వయొలెట్ రంగు పోస్తే బతికిన కణాలున్న గుంటలు ఊదాగా మారతాయి. కణాలు చచ్చి రాలిపోయినవి తేటగా మిగులుతాయి.