పూల లోయలో కాలినడక: గైడు లేకుండా వెళ్లే యాత్రికులకు తెలియవలసిన వివరాలు

(ప్రత్యేక వ్యాసం)

ఉత్తరాఖండ్ రాష్ట్రం చమోలీ జిల్లాలోని పూల లోయ జాతీయ ఉద్యానవనం ఏటా జూన్ 1వ తేదీన సందర్శకులకు తెరుచుకొని అక్టోబరు 31వ తేదీన మూతపడుతుంది. బదరీనాథ్ క్షేత్రానికి వెళ్లే దారికి చేరువలోనే ఉండడం వల్ల చార్‌ధామ్ యాత్రకు బయలుదేరే తెలుగువారిలో కొందరు మూడు నాలుగు రోజులు అదనంగా కేటాయించుకొని ఈ లోయను కూడా చూసి వస్తున్నారు. ఇక్కడ గైడును వెంట తీసుకువెళ్లాలన్న నిబంధన లేదు. దారి కూడా ఒక్కటే. అందువల్ల సొంతంగా నడిచి రాగల హిమాలయ ఉద్యానవనాలలో ఇది సులభమైనదని పేరు పడింది. ఆ పేరులో నిజం లేకపోలేదు. అయితే గైడు వెంట లేనంత మాత్రాన గైడు చేసే పనులు లేకుండా పోవు. ఏ రోజు ఎంత ఎత్తు ఎక్కాలి, ఏ వేళకు వెనుదిరగాలి, వాన పట్టితే ఎక్కడ ఆగాలి, తాను ఎక్కడ ఉన్నదీ ఎవరికి తెలియజేయాలి అనే నిర్ణయాలన్నీ నడిచేవారి మీదనే పడతాయి. పాత్రికేయులకు, జిల్లాల అధికారులకు ఉపకరించగలవన్న ఉద్దేశంతో సంబంధిత వివరాలను ఇక్కడ పొందుపరచడమైనది.

ఉద్యానవనం స్వరూపం

పూల లోయను 1982లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. దీని విస్తీర్ణం 87.50 చదరపు కిలోమీటర్లు. పూలు విరగబూసే లోయ భాగం సుమారు 8 కిలోమీటర్ల పొడవు, 2 కిలోమీటర్ల వెడల్పు ఉంటుంది. మిగిలినదంతా నిట్టనిలువు కొండలు, హిమానీనదాలు. లోయ మధ్యగా పుష్పవతి నది ప్రవహిస్తున్నది. 1988లోనే ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తింపు పొందిన నందాదేవి జాతీయ ఉద్యానవనానికి 2005లో ఈ లోయను కూడా జతచేయడంతో రెండూ కలిసి యునెస్కో జాబితాలో ఒకే ప్రదేశంగా నమోదైనవి.

ఈ రెండు ఉద్యానవనాల విషయంలో ఒక తేడాను గమనించవలసి ఉంది. నందాదేవి అంతర్భాగాన్ని 1980వ దశకం ఆరంభంలో పర్యాటకులకు, పర్వతారోహకులకు మూసివేశారు. పూల లోయను మాత్రం పగటి వేళ తెరిచి ఉంచుతున్నారు. ఉదయం 7 గంటలకు ప్రవేశం మొదలవుతుంది. మధ్యాహ్నం దాటిన తర్వాత కొత్తవారిని లోపలికి పంపరు. సాయంత్రం 5 గంటలలోగా అందరూ వెలుపలికి రావలసి ఉంటుంది. లోయలో గుడారం వేసుకొని రాత్రి బస చేయడానికి అనుమతి లేదు. కంచరగాడిదలకు కూడా లోపలికి ప్రవేశం లేదు. నడవలేని వారిని వీపున కట్టిన బుట్టలో మోసుకువెళ్లే కూలీలు మాత్రం లభిస్తారు. ప్రవేశ రుసుమును, వేళలను అక్కడి అటవీ శాఖ ఎప్పటికప్పుడు సవరిస్తూ ఉంటుంది గనుక పాత వార్తలలోని అంకెలను యథాతథంగా ప్రచురించకుండా ఆ ఏటి వివరాలను సరిచూసుకోవడం మంచిది.

దారి, ఎత్తు

రిషీకేశ్ నుంచి బదరీనాథ్ రహదారి మీద సుమారు 250 కిలోమీటర్లు వెళితే జోషీమఠ్ వస్తుంది. ఈ పట్టణానికి 2024లో జ్యోతిర్మఠ్ అని అధికారికంగా పేరు మార్చారు. పాత పేరే ఇంకా వాడుకలో ఉంది కాబట్టి యాత్రికులు రెండు పేర్లూ గుర్తుంచుకోవాలి. అక్కడికి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో అలకనంద ఒడ్డున గోవింద్‌ఘాట్ ఉంది. నది దాటి పుల్నా గ్రామం వరకు సుమారు 4 కిలోమీటర్లు జీపులు నడుస్తాయి. పుల్నా నుంచి లక్ష్మణ గంగ వెంబడి దాదాపు 10 కిలోమీటర్లు నడిచి ఎక్కితే ఘాంఘరియా చేరుకోవచ్చు. గోవింద్‌ధామ్ అన్నా ఇదే. యాత్రా కాలంలో మాత్రమే జనసంచారం ఉండే ఈ చిన్న ఊరిలో వసతి గృహాలు, సిక్కుల గురుద్వారా ఉన్నాయి. ఇక్కడి నుంచి దారి రెండుగా చీలుతుంది. ఒకటి పూల లోయకు, రెండవది హేమకుండ్ సాహిబ్‌కు. రెండు చోట్లా రాత్రి బసకు అనుమతి లేనందున ఏ రోజు ఎక్కడికి వెళ్లినా రాత్రికి ఘాంఘరియా చేరవలసిందే. కాబట్టి మూడు రాత్రులకు గది ముందుగానే చూసుకొన్నవారికి మోయవలసిన బరువు తగ్గుతుంది. పెద్ద సంచిని గదిలో ఉంచి నీళ్లు, ఆహారం, వానకోటు మాత్రం వెంట తీసుకొని నడవవచ్చు.

దూరం చూసి ఈ నడకను తేలికగా అంచనా వేయడం పరిపాటి. అలిపిరి నుంచి సుమారు 3,550 మెట్లు ఎక్కి తిరుమల చేరిన అనుభవం మన రాష్ట్రంలో లక్షలాది మందికి ఉంది. పది కిలోమీటర్ల కొండదారి తమకు కొత్త కాదన్న ధీమా సహజమే. అయితే ఇక్కడ పరీక్షకు గురయ్యేవి కాళ్ల కంటే ముందు ఊపిరితిత్తులు. తూర్పు కనుమలలో అత్యున్నత శిఖరాలు సుమారు 1,680 మీటర్ల ఎత్తు ఉంటాయి. నడక ఇంకా మొదలు కాని గోవింద్‌ఘాటే 1,800 మీటర్ల పైన ఉంది. ఘాంఘరియా ఎత్తు సుమారు 3,050 మీటర్లు. హేమకుండ్ 4,300 మీటర్లు దాటుతుంది. అంటే ఘాంఘరియా నుంచి 6 కిలోమీటర్ల దూరంలో 1,200 మీటర్లకు పైగా ఎక్కవలసి ఉంటుంది.

గైడు వెంట ఉంటే చేసే మొదటి పని ఈ ఎత్తును రోజులుగా పంచడం. సొంతంగా వెళ్లేవారు ఒక రాత్రి జోషీమఠ్‌లో, మరుసటి రాత్రి ఘాంఘరియాలో నిద్రించి, మూడవ రోజు పూల లోయను, నాలుగవ రోజు హేమకుండ్‌ను చూడడం మేలు. సెలవు చాలదని తొలిరోజే హేమకుండ్ ఎక్కేవారు తలనొప్పి, వాంతులు, ఆయాసంతో సగం దారిలో కూలబడే ప్రమాదం ఉంది. ఈ లక్షణాలు కనిపించినప్పుడు పైకి సాగకూడదు. విశ్రాంతి తీసుకొన్నా తగ్గకపోతే వెంటనే కిందికి దిగాలి. బృందంలో ఒకరికి అస్వస్థత కలిగితే ఆయనను దారి పక్కన కూర్చోబెట్టి మిగిలినవారు ముందుకు సాగడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. గుండె జబ్బు, ఉబ్బసం, అధిక రక్తపోటు ఉన్నవారు బయలుదేరక ముందే వైద్యులను సంప్రదించాలి.

ఘాంఘరియా దారిలో కంచరగాడిదలు ఎదురైనప్పుడు కొండవైపుకు ఒదిగి నిలబడాలి. లోయ అంచు వైపు నిలబడితే వాటి మీది బరువు తగిలి జారిపడవచ్చు. చిన్న విషయమే అయినా వెంట చెప్పేవారు లేనప్పుడు తెలిసి ఉండవలసిన విషయం.

పూలు, వాన

జూన్ మాసంలో లోయలో అక్కడక్కడ మంచు ఇంకా కరగకుండా ఉంటుంది. పూలు దట్టంగా పూసేది జూలై మధ్య నుంచి ఆగస్టు చివరి వరకు. బదరీనాథ్ రహదారి మీద కొండచరియలు తరచుగా విరిగిపడేది కూడా ఆ రోజులలోనే. పూలకు ప్రాణం పోసే వానే దారులను మూసివేస్తుంది. ఈ రెంటినీ విడదీయలేము గనుక ప్రయాణ పట్టికలో కనీసం రెండు రోజులు ఖాళీగా ఉంచుకోవాలి. తిరుగు ప్రయాణపు రైలు, విమానం టిక్కెట్లు తరుముతుంటే వానలో నడవకూడని చోట నడవవలసి వస్తుంది.

లోయలో ఐదు వందలకు పైగా మొక్కల జాతులు నమోదైనవి. నీలి రంగు హిమాలయ గసగసాల పువ్వు, పడగ విప్పిన పామును తలపించే పూలు, గులాబీ రంగు కాశీతుంబ జాతులు వీటిలో ప్రసిద్ధమైనవి. పూర్వం మన దేశంలో గ్రంథ రచనకు వాడిన భూర్జపత్రాన్ని ఇచ్చే చెట్లు కూడా ఇక్కడ పెరుగుతాయి. తాళపత్రాలు మాత్రమే ఎరిగిన మనవారు ఆ చెట్టు బెరడు పొరలు పొరలుగా ఊడి వేలాడడం చూసి ఆశ్చర్యపోవడం కద్దు.

పాత్రికేయ మిత్రులకు ఈ సందర్భంగా ఒక మనవి. ఏటా వానాకాలంలో ఫలానా వారి ఇంట బ్రహ్మకమలం వికసించిందంటూ మన పత్రికలలో ఫోటోలు వస్తుంటాయి. రాత్రివేళ పూసి తెల్లవారేసరికి వాడిపోయే ఆ మొక్క అమెరికా ఖండానికి చెందిన బ్రహ్మజెముడు కుటుంబపు మొక్క. హిమాలయ బ్రహ్మకమలం పూర్తిగా వేరు. ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పమైన ఆ పువ్వు చాలా ఎత్తున, ముఖ్యంగా హేమకుండ్ పరిసరాలలో, వానాకాలంలో పూస్తుంది. రెంటినీ ఒకటిగా రాయడం వల్ల ఇంట్లో పూసే పువ్వే కదా అన్న చులకన ఏర్పడి, దేవుని పటానికి ఒకటి తెచ్చుకుందామని యాత్రికులు కొండమీది పువ్వును కోస్తున్నారు. ఉద్యానవనంలో పువ్వు కోయడం, మొక్క పెకలించడం చట్టరీత్యా నేరం.

జాతీయ ఉద్యానవనంగా ప్రకటించక ముందు ఈ లోయ పశువుల, గొర్రెల మేత భూమి. 1980వ దశకం ఆరంభంలో మేతను నిషేధించారు. పశువులు రాకపోతే పూలు పెరుగుతాయని ఆశించగా, మనిషెత్తు వరకు ఎదిగే ఒక దుబ్బు మొక్క లోయలో చాలా భాగం అల్లుకొని చిన్న పూల మొక్కలను అణచివేసింది. అటవీ శాఖ దీనిని ప్రతి సంవత్సరం పీకించవలసి వస్తున్నది. మేత నిషేధమే దీనికి కారణమా, కాదా అన్నదానిపై శాస్త్రవేత్తలు ఏకాభిప్రాయానికి రాలేదు. మేత భూమిని వదులుకొన్న భ్యూందార్ లోయ గ్రామస్థులు నేడు వసతి గృహాలు, కూలి పనులు, గైడు వృత్తి మీద ఆధారపడి జీవిస్తున్నారు. పర్యావరణాభివృద్ధి కమిటీగా ఏర్పడి దారి పొడవునా చెత్తను ఏరి కిందికి తరలిస్తున్నది కూడా వారే. గైడు తప్పనిసరి కాదన్న మాట నిజమే అయినా, మొక్కల పేర్లు తెలుసుకోవాలన్న ఆసక్తి ఉన్నవారు ఒక రోజుకు స్థానిక గైడును పెట్టుకోవడం ఉభయతారకం.

2013 అనుభవం

2013 జూన్ 16, 17 తేదీలలో కురిసిన కుండపోత వానలకు లక్ష్మణ గంగ ఉప్పొంగి భ్యూందార్ గ్రామాన్ని తుడిచిపెట్టింది. గోవింద్‌ఘాట్‌లో వంతెన, వాహనాలు, భవనాలు కొట్టుకుపోయినవి. ఘాంఘరియాలో చిక్కుకున్న యాత్రికులను హెలికాప్టర్లలో తరలించవలసి వచ్చింది. ఆ రోజులలో వార్తలన్నీ కేదార్‌నాథ్ చుట్టూ తిరిగినవి. కేదార్‌నాథ్ మందాకినీ లోయలోనిది. గోవింద్‌ఘాట్ అలకనంద లోయలోనిది. రెండు నదులూ రుద్రప్రయాగ వద్ద గానీ కలవవు. పేర్లు కలగలిపి రాసినందువల్ల బదరీ దారిలో క్షేమంగా ఉన్నవారి ఇళ్లలోనూ ఆందోళన నెలకొన్నది.

అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన యాత్రికులు కూడా అనేకులు ఉత్తరాఖండ్‌లో చిక్కుకుపోగా, న్యూఢిల్లీలోని ఆంధ్రప్రదేశ్ భవన్ కేంద్రంగా సహాయ చర్యలు జరిగినవి. టూరిస్టు బస్సులో వెళ్లినవారి జాబితా ట్రావెల్స్ యజమాని వద్ద దొరుకుతుంది. సొంతంగా వెళ్లినవారికి అటువంటి జాబితా ఏదీ ఉండదు. ఏ ఊరివారో తెలిసినా, ఏ రోజు ఏ లోయలో ఉన్నారో ఇంటివారికే తెలియనప్పుడు వెదకడం ఎక్కడ మొదలుపెట్టాలి?

కాబట్టి గైడు లేకుండా నడిచేవారు బయలుదేరే ముందు ఒక కాగితం మీద తేదీల వారీగా తాము ఉండబోయే ఊళ్ల పేర్లు, బస చేసే చోటు, తోటివారి పేర్లు, వాడే మందులు రాసి ఇంట్లో ఒకరికి అప్పగించాలి. కొండలలో సెల్‌ఫోన్ సంకేతాలు నిలకడగా ఉండవు. లోయలో అసలే ఆశించరాదు. ఘాంఘరియాలో గది ఇచ్చినవారికి ఉదయం ఏ వైపు వెళుతున్నదీ చెప్పి వెళ్లాలి. చార్‌ధామ్, హేమకుండ్ యాత్రికులకు ఉత్తరాఖండ్ ప్రభుత్వం తప్పనిసరి చేసిన నమోదును కేవలం చెక్‌పోస్టు దాటే కాగితంగా భావించరాదు. అత్యవసర పరిస్థితిలో 112 నంబరుకు ఫోను చేయవచ్చు. యాత్రికుల ఆచూకీ కోరుతూ బంధువులు కలెక్టరు కార్యాలయాలకు వచ్చినప్పుడు అధికారులు మొదట అడిగి రాసుకోవలసినది చివరిసారి ఫోను చేసిన తేదీ, అప్పుడు చెప్పిన ఊరు. ‘హిమాలయాలకు వెళ్లారు’ అన్న ఒక్క మాటతో పంపిన సమాచారం చమోలీ జిల్లా యంత్రాంగానికి ఉపయోగపడదు.

దారులు మారుతూనే ఉన్నాయి. 2023 జనవరిలో జోషీమఠ్‌లో నేల కుంగి ఇళ్లు బీటలు వారినవి. 2025 మార్చిలో కొండచరియ పడి గోవింద్‌ఘాట్ వంతెన కూలిపోగా, యాత్రా కాలం మొదలయ్యేలోగా తాత్కాలిక వంతెన నిర్మించారు. గత సంవత్సరం వెళ్లివచ్చిన వారి మాట ఈ సంవత్సరానికి వర్తిస్తుందని భావించకుండా బయలుదేరిన రోజు మళ్లీ విచారించుకోవాలి.

లోయలోని సమాధి

ఈ లోయ స్థానికులకు ఎప్పటినుంచో తెలిసినదే అయినా బయటి ప్రపంచానికి పరిచయం చేసినది బ్రిటిష్ పర్వతారోహకుడు ఫ్రాంక్ స్మైత్. 1931లో కామెట్ శిఖరాన్ని అధిరోహించి తిరిగి వస్తూ ఆయన బృందం ఈ లోయలోకి దిగింది. 1937లో ఆయన మళ్లీ వచ్చి పూల మొక్కలను సేకరించి, మరుసటి సంవత్సరం పుస్తకం వెలువరించారు. లోయకు ఆంగ్లంలో స్థిరపడిన పేరు ఆ పుస్తకం పేరే. 1939లో మొక్కల సేకరణ కోసం బ్రిటన్ నుంచి వచ్చిన జోన్ మార్గరెట్ లెగ్ అనే మహిళ రాతి వాలు మీద నుంచి జారిపడి మరణించారు. ఆమె సమాధి లోయలోనే ఉంది. ఆమె సోదరి తరువాత వచ్చి అక్కడ స్మారక ఫలకం నెలకొల్పారు.

ఘాంఘరియా నుంచి బయలుదేరినవారిలో ఎక్కువమంది ఈ సమాధి వరకు నడిచి, అక్కడి రాళ్ల మీద కూర్చొని భోజనం చేసి వెనుదిరుగుతారు. దారి అక్కడితో ముగియదు. నది ఒడ్డుకు, ఇంకా ముందుకు కాలిబాటలు కనిపిస్తాయి. మధ్యాహ్నానికి మబ్బు కమ్మడం ఈ లోయలో మామూలు. సమాధి వద్దకు చేరేసరికి ఒంటిగంట దాటి ఉంటే, ఎదురుగా ఎన్ని పూలు కనిపిస్తున్నా, అక్కడి నుంచే తిరిగి నడవడం ప్రారంభించాలి.