నిశ్శబ్ద మార్గములు: గండికోట నుండి గండి వరకు



ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములలో లారీల హోరు వినబడని బాటలు నేటికిని కొన్ని గలవు. సైకిలు మీద పోవువానికి అవి మిక్కిలి సుఖకరములు. ఎదురుగ ఎడ్లబండియో, గొఱ్ఱెలమందయో, బడికి పోవు పిల్లలో తప్ప మరియొకరు కానరారు. ఇట్టి బాటలు ఎక్కడ నున్నవని పట్టణముల యువకులు నన్నడుగుచుందురు. ఎక్కడ నున్నవో చెప్పుట సులభము. అవి యేల నిశ్శబ్దముగ మిగిలినవో చెప్పుటకు మాత్రము మూడువందల యేండ్లకు పైగా వెనుకకు పోవలెను. నేడు నేను మనవి చేయబూనినది ఈ రెండవ సంగతి. ఆ బాటల కిరుప్రక్కల పొలములు గలవారు, వాని గట్టు తగవులు తీర్చినవారు మీరే గనుక, నా మాటలో పొరపాటున్నచో దిద్దుటకు మీకంటె అర్హులు లేరు.

మొదట నొక భ్రమ తొలగవలెను. పూర్వము బాటలన్నియు ప్రశాంతముగ నుండెడివని మన మనుకొందుము. అది నిజము కాదు. సముద్రతీరపు ఉప్పు లోనాడులకు, లోనాటి ధాన్యమును ప్రత్తియు తీరమునకు లంబాడీల యెడ్ల మీదనే పోయెడివి. 17వ శతాబ్దిలో మన దేశమునకు పలుమారులు వచ్చిన ఫ్రాంసు దేశపు రత్నవర్తకుడు జాన్ బాప్టిస్టు టావెర్నియె, పదివేలు పండ్రెండువేల యెడ్లు ఒక్క గుంపుగ నడచుట వర్ణించియున్నాడు. ఇరుకు బాటలో అట్టి గుంపు ఎదురైనచో, అది దాటిపోవువరకు రెండు మూడు దినములు ప్రక్కన నిలిచియుండవలసినదే యని అతని మాట. లారీ వెనుక పావుగంట ఆగినందులకే విసుగుకొను మనము ఆ వర్తకుని ఓర్పును మెచ్చుకొనవలెను.

ఆ టావెర్నియెయే 1652 సెప్టెంబరు ఆరంభమున గండికోటకు వచ్చెను. కోట అంతకు కొలదికాలము ముందే పెమ్మసాని నాయకుల చేజారి, గోలకొండ మంత్రి మీర్ జుమ్లా వశమైయుండెను. తన సరకును ఆ మంత్రికి చూపుటకై వచ్చిన వర్తకుడు, కోటను మాత్రమే గాక కోటకు పోవు త్రోవను గూడ శ్రద్ధగ గమనించెను. మన ప్రాంతపు బాట నొకదానిని కన్నులారా చూచి, దాని వెడల్పును అడుగులలో వ్రాసిపెట్టిన విదేశీయుడు కావుననే నాకు అతనియం దింత ఆదరము. ఆ త్రోవ 20, 25 అడుగుల వెడల్పని, కొన్ని తావుల 7, 8 అడుగులు మాత్రమేయని అతడు చెప్పెను. కొండను తొలిచి వేసిన ఆ త్రోవకు కుడిప్రక్కన భయంకరమగు అగాధమును, దాని యడుగున మహానదియు గలవట. ఆ మహానది మన పెన్నయే. కొండపైనున్న చిన్న మైదానమున వరియు చిరుధాన్యములును పండుచుండెననియు, ఊటనీరు పారుచుండెననియు గూడ అతడు వ్రాసెను.

ఇంకొక సంగతి. మీర్ జుమ్లా ఆ త్రోవను బాగుచేయించుట అప్పుడే ఆరంభించియుండెను. ఆ సమయముననే కోటలో క్లోడ్ మాయి యను మరియొక ఫ్రెంచివాడు అతని కొరకు ఫిరంగులు పోతపోయుచుండెను. ఆ బాగుసేత బాటసారుల మీది దయచేత కాదని నా తలంపు. ఫిరంగిబండి చక్రము దొర్లవలెనన్న ఎనిమిదడుగుల త్రోవ చాలదు గదా.

1800 సంవత్సరమున నిజాము ఈ సీమను ఇంగ్లీషు కంపెనీకి వదలుకొనగా, దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగ తామస్ మన్రో వచ్చి 1807 వరకు నుండెను. అతడు భవనములలో గాక డేరాలలో కాపురముండి, గుఱ్ఱము మీద పల్లెపల్లె తిరిగి పన్ను లెక్కలు కట్టించెను. వేంపల్లె చేరువ పాపఘ్ని నది కొండను చీల్చుకొని వచ్చు గండి కడ అతనికి ఆకాశమున బంగారు తోరణము కనబడినదని, అది కనబడినవారు బహుకాలము బ్రదుకరని జనశ్రుతి. మన్రో 1827లో పత్తికొండ వద్ద విషూచి చేత మృతినొందుట చరిత్ర. తోరణపు సంగతి విశ్వసించువారు విశ్వసింతురు.

బాటల గతిని నిజముగ మార్చినవి రెండు. ఒకటి నల్లరేగడి, రెండవది రైలు. జమ్మలమడుగు ప్రాంతపు నల్లరేగడి ప్రత్తికి ప్రాణము, బండికి మృత్యువు. ఒక్క వాన కురిసిన చాలును, చక్రములు ఇరుసు వరకు దిగబడును. అందుచేత కంకర బాటలు కావలసివచ్చెను. కంకరకు సొమ్మెవ్వరిచ్చిరి? 1871 నాటి స్థానిక నిధుల చట్టము ననుసరించి భూమి శిస్తు రూపాయికి అణా వరకు రోడ్డు సెస్సు విధింపబడెను. 1884 చట్టము పిమ్మట తాలూకా బోర్డులును జిల్లా బోర్డులును ఆ పని చూచినవి. మీ తాతముత్తాతల పాత రసీదులు పెట్టెలలో నున్నచో తీసి చూడుడు. అందు సెస్సు పద్దు కానవచ్చును. ఆ బాటలు దొరతనమువారి దానము కావు.

1871 నాటికి మద్రాసు నుండి రాయచూరు వరకు రైలుమార్గము కలిసినది. అది కడప, కమలాపురము, ఎఱ్ఱగుంట్ల, ముద్దనూరుల మీదుగ పెన్నకు దక్షిణమున పోయెను. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ఉత్తరపు గట్టున మిగిలిపోయినవి. పులివెందుల దూరముగ దక్షిణమున నిలిచిపోయినది. ఇంతటితో ప్రత్తి బండ్లును, నీలిమందు బండ్లును తూర్పునకు మద్రాసు వరకు పోవుట మాని, ఎఱ్ఱగుంట్లకో ముద్దనూరుకో తిరిగినవి. స్టేషనుకు పోవు బాటలు రద్దీ పడినవి. తక్కినవి క్రమముగ సద్దుమణిగినవి. ఎఱ్ఱగుంట్ల నుండి ప్రొద్దుటూరు, జమ్మలమడుగుల మీదుగ నంద్యాలకు రైలు నడచుట 2016లో గాని సమకూడలేదు. ఈలోపల లారీల రాకడతో 67వ జాతీయ రహదారి వంటివి వెడల్పై, వాహనముల నెల్ల తమవైపు లాగుకొన్నవి. నేడు మనకు నిశ్శబ్దముగ దోచు పల్లెబాటలు ఇట్లు రైలు చేత నొకసారి, లారీ చేత నొకసారి విడువబడినవి.

ఫ్రాంసు దేశపు పల్లెబాటలు సైకిలు యాత్రికులలో ప్రసిద్ధములు. అచ్చటి కథయు మన కథకు మిక్కిలి దగ్గర. 1836 నాటి వారి చట్టము, ప్రతి గ్రామమును తన బాటలను తానే కాపాడుకొనవలెనని విధించెను. గ్రామస్థుడు ఏడాదికి మూడు దినముల వరకు పని చేయవలెను, లేదా అంత సొమ్ము చెల్లింపవలెను. ఆ శాసన ఫలముగ ఊరూరికి చిన్నబాట యేర్పడెను. పెద్ద రహదారులు వచ్చి వాహనములను తీసికొనిపోగా, ఆ చిన్నబాటలు సైకిళ్ళ పాలబడినవి. సేంతెతియెను నగరవాసి పాల్ ద వివీ, 1887లో సైకిలు పత్రిక నొకదానిని స్థాపించి, 1930లో మరణించువరకు ఇట్టి యాత్రలనే బోధించెను. ఆకలి వేయకమునుపే తినుము, దప్పిక కాకమునుపే త్రాగుము అని అతని హితవులలో నొకటి. మన వేసవిలో నది ప్రాణరక్షకము.

అచ్చటి దక్షిణభాగమున 1681లో పూర్తియైన మీదీ కాలువ సుమారు 240 కిలోమీటర్ల పొడవు గలది. గుఱ్ఱములు గట్టున నడచుచు త్రాళ్ళతో పడవలను లాగిన బాట మీద నేడు సైకిళ్ళు పోవుచున్నవి. దీనిని విన్నప్పుడెల్ల నాకు మన కర్నూలు కడప కాలువ తలపునకు వచ్చును. 1860ల దశకమున మద్రాసు ఇరిగేషను కంపెనీవారు తుంగభద్ర మీద సుంకేసుల కడ ఆరంభించిన ఆ కాలువ సుమారు 190 మైళ్ళు. పంటలకు మాత్రమే గాక పడవలకు గూడ నుపయోగించునట్లు లాకులతో నిర్మించిరి. కంపెనీ నష్టపడెను, 1882లో ప్రభుత్వము దానిని కొనెను. పడవలు పోయినవి, కట్ట మిగిలినది. చాపాడు వైపు కాలువకట్ట మీద ఉదయము ఆరు గంటలకు సైకిలుపై బయలుదేరిన యెడల, ఒకప్రక్క నీరు, ఒకప్రక్క వరిమళ్ళు. లస్కరు తప్ప మనుష్యసంచారము అరుదు.

సైకిలు గూర్చి రెండు మాటలు. 1885లో ఇంగ్లాండున స్టార్లీ సమచక్రముల బండిని, 1888లో డన్లప్ గాలి టైరును తెచ్చిన తరువాతనే అది సామాన్యుని వాహనమయ్యెను. గంటకింతయని బాడుగకు తెచ్చి, కడ్డీ క్రిందుగ కాలు దూర్చి నేర్చుకొన్న తరము నాది. మొదటిసారి గండికోటకు బయలుదేరినప్పుడు తారుబాట విడిచి పొలముల కడ్డముగ పోయితిని. పల్లేరు కాయలు రెండు టైర్లకును గ్రుచ్చుకొన్నవి. నాలుగు మైళ్ళు సైకిలు నడిపించుకొని వచ్చుచుండగా ఒక రైతు జాలిపడి, దానిని తన బండిలోని సొప్ప మీద వేయించెను. అది మొదలు గాలిపంపు లేక నేను గడప దాటలేదు. జూన్, జూలై మాసములలో పడమటి గాలి ఎదురుగ కొట్టును. ఆ దినములలో గండికోటకు పోవుట కష్టము, వచ్చుట సుఖము. పుష్యమాఘములు సర్వవిధముల శ్రేష్ఠము.

జమ్మలమడుగు కడ పెన్న దాటి కోటకు పోవు బాట సుమారు 15 కిలోమీటర్లు. శని ఆదివారములలో కార్లు వచ్చును. తక్కిన దినములలో గాలిచప్పుడే. పెన్న కెగువను కొండాపురము వైపు పాత బాటలు కొన్ని గండికోట జలాశయములో మునిగినవి. తాళ్ళప్రొద్దుటూరువారు 2020లో ఇండ్లు విడిచి పోవలసివచ్చెను. నీటిలోనికి దిగి యంతరించు బాట అంచున సైకిలు నాపి నిలిచినపుడు, అంతకు మించిన నిశ్శబ్దము ఎచ్చటను లేదనిపించును. కాని ఆ నిశ్శబ్దమును నేను సుఖమనజాలను.

చెట్లను గూర్చి మీతో ప్రత్యేకముగ మనవి చేయవలెను. బాటప్రక్క చింతలును వేపలును బాటలో భాగమే. వాని కాయలు వేలము వేసి ఆ సొమ్ము బోర్డులు తీసికొనెడివి. బాట వెడల్పు చేయునపుడు మొదట పోవునవి అవియే. వాని బదులు నడిమి గట్టున గన్నేరు పొదలు నాటుదురు. గన్నేరు క్రింద బాటసారి కూర్చుండగలడా? నేనెరిగిన యొక గ్రామమున పెద్దలు ఒక్కటై, బాటను ఒకేవైపునకు వెడల్పు చేయుడని వేడిరి. రెండవ వరుస చింతలు నిలిచినవి. పిల్లలు ఆ వరుస ప్రక్కనే బడికి సైకిళ్ళు తొక్కుచుండుట నేను చూచితిని. ఎండలో నున్న ప్రక్కకు ఒక్కడును పోడు. మీ యూరి బాటకు కొలత త్రాడు వచ్చిన దినమున అడుగువారు మీ వద్దకే వత్తురు.

ముద్దనూరు నుండి తొండూరు మీదుగ పులివెందులకు, అటనుండి వేములను దాటి వేంపల్లెకు పోవు త్రోవలో వేరుసెనగ చేలు, చీనీ తోటలు కనబడును. పెద్దబాట విడిచి పల్లెల మీదుగ పోయిన నాలుగు మైళ్ళు పెరుగును, శబ్దము తగ్గును. గండికోటలో పెన్న కొండను చీల్చినట్లే గండిలో పాపఘ్ని కొండను చీల్చినది. రెండు పేర్లును అందుండి పుట్టినవే. శ్రీరాముడు బాణపు మొనతో ఆంజనేయుని రూపమును రాతిమీద గీసినాడని చెప్పు స్థలమది. శ్రావణ శనివారములలో అచ్చట త్రోవ దొరకదు. తక్కిన కాలమున సాయంకాలము నదియొడ్డున సైకిలు నొక రాతికి జేరవేసి, ఆ కొండల సందున ఆకాశము ఎఱ్ఱబారుట చూడవచ్చును. ఇన్ని మారులు పోయితిని గాని, నాకు తోరణము మాత్రము కనబడలేదు.